అరట్యాంకు ముల్లు

పొద్దుగూకేవేళ, దేవరుప్పుల దాటగానే ఆయన తన పాత అంబాసిడర్‌లో లైట్లు వేశాడు. మీటర్ల వెనక గుడ్డి బల్బులు పీకి ఎల్‌ఈడీలు పెట్టింది ఆ ఉదయమే. పట్టుచీర నలగకుండా కూర్చున్న భార్య, పోనీ మెచ్చుకుందామనే ముందుకు వంగింది.

"ఎట్లున్నదే?"

"పెట్రోలు మీటరుల ఏందయ్యా అది?"

"ముల్లు. అరట్యాంకున్నది."

"ముల్లుకు కాళ్లుంటయా?"

ఆయనా వంగి చూశాడు.

"బొద్దింక... సచ్చిందే తియ్యి."

"ఛీ! ఎన్నొద్దులసంది దాని మీసం చూసుకుంట నడుపుతున్నవు?"

"దసరా సంది. మసకద్దంల నల్లగీత కనబడితే ముల్లే అనుకున్న."

"అర కాడికెల్లి కదుల్తలేదని అనుమానం రాలేదా?"

"మైలేజు మంచిగిస్తుందనుకున్న."

"మరి అసలు ముల్లేది?"

"అడుగున... పండుకున్నది."

కారు రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది.

"ఇప్పుడెట్లనే? గంటల లగ్గం! పిల్లను గంపల ఎత్తుకపోవాల్సిన మేనమామను నేనే!"

"అద్దం తుడవనోడు బల్బులు మార్చిండట! థూ. దిగు, గా వచ్చే ట్రాక్టరుకు చెయ్యెత్తు."

"గది పెంట ట్రాక్టరే! ముక్కు పగుల్తున్నది."

"పగలనియ్యి."

"పట్టుచీరతోని పెంట మీద కూసుంటవా?"

"కూసుంట. గది పెంటేనని చూడంగనే తెలుస్తున్నది."