వెనక సీటు

జనగామలో హన్మంత్ సీట్లు కుట్టే దుకాణం. దానియేలు తన బండి సీటు విప్పించి అరగంటయింది. చూపించిన ఏ ఫోమూ అతనికి నచ్చడం లేదు. భార్య సరోజ పక్కనే స్టూలు మీద కూర్చుని ఉంది.

"గిది గాదు హన్మంతన్నా. ఇంకా మెత్తటిది చూపెట్టు."

"మెత్తది మెత్తది అంటున్నవ్ దానియేలన్నా. దూరం పోతే మెత్తది అణిగిపోయి కింద రేకు తగుల్తది. ఎంత దూరం పోతవ్ నువ్వు?"

"దేవరుప్పుల నుంచి మహబూబాబాద్. వారానికి మూడుసార్లు."

"పోను రాను నూటిరవై. అట్లయితే కింద గట్టిది, పైన రెండు వేళ్ల మందం మెత్తది. ముందు సీటుకేనా?"

"ముందుది నాకెందుకు? వెనకది. ఈమెకు. మహబూబాబాద్ల అడిగిన, భూపాలపల్లి దాకా పోయి అడిగిన. ఎవ్వడు సక్కగ చెప్పడు."

"అక్కా, ఏడ నొస్తది నీకు? నడుమా, తుంటా?"

"ఏం నొస్తలేదు."

"నొస్తలేదేంది సరోజా? సోమవారం బండే ఎక్కకపోతివి. బుధవారం ఎక్కకపోతివి. సీటు గుచ్చుతున్నదన్నవ్. అది మంచిగైతే వస్తనన్నవ్."

"బస్సుల పోరాదుండ్రి దానియేలన్నా?"

"బస్సుల ఎట్లయితది హన్మంతన్నా? నాలుగు గంటలు మిషను మీద పండవెట్టి రక్తం కడుగుతరు. దిగినంక కండ్లు తిరుగుతయ్. బండి మీదైతే నా వీపుకు ఒరుగుతది."

"కిడ్నీలా?"

"రెండూ. రెండేండ్లయింది. మిషనంటే భయం లేదు ఈమెకు. సీటుతోనే పరేషాన్."

"జర ఆగు, పాత కవరు ఊడదీస్త... గిటు చూడన్నా. ముందు ఫోము నీ బరువుకు పలక లెక్కయింది. వెనకదాని మీద చెయ్యి పెట్టు."

"మంచిగనే ఉన్నది."

"మంచిగ గాదన్నా, కొత్తదాని లెక్కున్నది. రెండేండ్లు మనిషి కూసున్న జాడ లేదు. అక్కా, ఎంత తూగుతవ్ నువ్వు?"

"ముప్పై నాలుగు."

"అది మిషను ఎక్కకముందు. దిగినంక ముప్పై రెండు."

"చెప్తే ఏమనుకోకు దానియేలన్నా. ఇరవై ఏండ్ల నుంచి గిదే పని. గుచ్చుతున్నది సీటు గాదు, ఎముక. కండ లేనికాడ నేనేం పెట్టినా..."

"జెల్లు పెడ్తరట గదా. దవాఖానల ఒకాయన చెప్పిండు. నీళ్ల దిండు లెక్క ఉంటదట."

"ఉంటది. పెడ్త. గని..."

"గని ఏం లేదు. పెట్టు. రేపు శుక్రవారం పోవాలె. రెండు తాపలు తప్పినయ్. కాళ్లు చూడు ఎట్ల ఉబ్బినయో."

"సాయంత్రానికి ఇస్త తియ్యి. అక్కా, జర గిటొచ్చి ఈ ముక్క మీద కూసో. కొలత తీస్కుంట."

"నేను కూసోను."

"లెవ్వు సరోజా. ఒక్క నిమిషం."

"వద్దు. ఈయన కొలతే తీస్కో అన్నా. బండి దిగంగనే నడుము పట్టుకొని నిలబడ్తడు, నేను చూస్తలేననుకుంటడు."

"నా నడుముకేం గాలే. నువ్వు మధ్యల ఎత్తు పెట్టు హన్మంతన్నా, ఈమె ముందుకు జారకుండ."

"ఎత్తు గిత్తు వద్దు. జారి నీ వీపు మీద పడుడొక్కటే నాకు ఆ తొవ్వల సుఖం."

"సరే, ఎత్తు వద్దు. జెల్లు పెట్టిపిస్త. పోదం గదా రేపు? సీటు మెత్తగైతే వస్తనన్నవ్ గదా? ఏందట్ల మొకం తిప్పుకుంటవ్? జర చెప్పన్నా నువ్వన్న, ఈ జెల్లు పెడ్తే ఇగ గుచ్చదని."

"నేనేం చెప్పాలె దానియేలన్నా... అక్కా, నువ్వే చెప్పు. నీకెట్లుంటే బాగుంటది?"

"ఎట్లున్నా ఒకటేనన్నా. ఆ గుచ్చుడు రెండేండ్లు ఓర్చుకున్న. మిషను ఇగ ఇడిసిపెడ్త అంటే ఈయన కూసొని ఏడుస్తడని, సీటు మీద నెపం పెట్టి చెప్పిన. గట్లయితే దుకాణాలన్న తిరుగుతడు గదా అని."