నూకాలప్ప కథకి నడుమ

“అమ్మమ్మా, కాలేజీ మ్యాగజైనుకి కథ రాస్తన్నాను. మొదలు రాసేశాను, చివర ఏంటో తెల్సు. మధ్యలో ఏం జరగాలో ఎన్నిసార్లు ప్లానేసినా కుదరట్లేదు. నువ్వు రాసినప్పుడు ఎలా చేసేవు?”

అన్నేయం జరిగింది మా నూకాలప్పకి. డెబ్బై ఎనిమిదో సంవత్సరం, వానలు ఎనకబడ్డాక, ఫిషింగ్ హార్బర్లో, తెల్లారకముందు సేపల వేలంపాట కాడ. ముందు అది ఇనుకో. మధ్యలో ఆ ఫోను నొక్కేవంటే లేసి ఎల్లిపోతాను.

నూకాలప్పంటే మా పెద్దమ్మ కూతురు. నాకన్నా ఆరేళ్ళు పెద్దది. నాకు బుట్ట నెత్తికెత్తడం, బేరమాడ్డం, బస్సు కండక్టరు “సేపల బుట్ట దింపెయ్” అంటే ఆడికి నోరు మూయించడం, అన్నీ ఆవిడే నేర్పింది. సదువు మట్టుకు నాకెవులూ నేర్పలేదులే. సేపలు సుట్టడానికని పాత కాయితాల కొట్టు కాడ వారపత్రికలు కిలోల లెక్కన కొనేదాన్ని. కిలో ముప్పావలా ఏమో... కాదు, రూపాయి. ముప్పావలా అంతకు ముందు. సుట్టే ముందు సదివేదాన్ని. కూడబలుక్కుని, కూడబలుక్కుని, ఒక వొర్సం తిరిగేసరికి గడగడా వొచ్చీసింది. సీరియల్ మూడో వారం నాకాడుంటే నాలుగోది ఎవులింటికో కానాగంత సేపని సుట్టుకుని ఎల్లిపోయుండేది. ఐదోది దొరికేది. మరి నాలుగో వారంలో ఏటైందీ? నానే అల్లుకునేదాన్ని. జాలరిపేట నుంచి మార్కెట్టు దాకా నడిసినంత సేపూ అదే పని. ఊళ్ళో వాళ్ళ కథలన్నిటికీ నడుమ పూడ్సినదాన్ని నాను. తీరా నా కథకొచ్చేసరికి నడుమ నేదు.

అదిగో, కథకొత్తన్నాను, తొందరపడకు.

అప్పుడు మేం ఐదుగురం ఆడోళ్ళం కలిసి పాట పాడీవోళ్ళం. ఒక్కరికి రాశి మొత్తం కొనే తాహతు ఎక్కడిది? ఐదుగురూ కలిసి కొని, సిమెంటు నేల మీద ఐదు కుప్పలు పోసీవోళ్ళం. ఎంత సమంగా పోసినా ఒక కుప్ప మెరుగ్గానే కనిపిస్తాది. తగువు రాకుండా ఒక పద్ధతుండేది. ఒకామి కుప్పలకి ఈపు పెట్టి సముద్రం కేసి తిరిగి నిలబడతాది. ఇంకొకామి ఒక్కో కుప్ప మీద సెయ్యేసి “ఇదెవులిది?” అంటాది. సూడకుండా ఆవిడి ఏ పేరు సెప్తే ఆ కుప్ప ఆళ్ళది. మాట్లాడ్డానికి నేదు. ఈపు తిప్పి నిలబడ్డామంటే మాటలా? నలుగురూ నమ్మాలి. అలగ నిలబడేది నూకాలప్ప. సెయ్యేసేది నాను.

ఆవేళ ఒక కుప్పలో వంజరం పడింది. కోస్తే రేటు పోతాదని అలగే ఉంచి, మిగతా కుప్పల్లో కానాగంతలు ఎక్కువ పోసేం. ఐనా వంజరం వంజరమే కదా. నాను దాని మీద సెయ్యేసేను. దగ్గు వొచ్చింది, దగ్గేను. “ఇదెవులిది?” అన్నాను. “నూకాలుది” అంది అప్ప.

బంగారమ్మని మా ఐదుగుర్లో ఒకామి ఉండేది, నోరు పెద్దది. “అదేటే, సెల్లి దగ్గితే అప్పకి వంజరమా? మొన్న కూడా దగ్గింది” అంది. మిగతా ఇద్దరూ ఔనౌనన్నారు. మొన్నా దగ్గేను, నిజమే. వారం నుంచీ జలుబు. బంగారమ్మ నా మొహంలోకి సూసి, “ఒలే మరిడీ, మీ అప్ప దగ్గమందా నిన్ను?” అంది.

నాను బుట్ట సర్దుకున్నాను.

“సిన్నది, దానికేటి తెల్సు, అప్ప ఎలగంటే అలగ” అనీసి నన్నొదిలీసేరు. నూకాలప్పని ఒదల్లేదు. దొంగ ఈపు అన్నారు. పాట కాడికి రావొద్దన్నారు. ఆవిడి ఆ వంజరం అక్కడే ఒదిలీసి, కాళీ బుట్ట సంకనెట్టుకుని ఎల్లిపోయింది. నాకేసి ఒక్కసారే సూసింది. తరవాత ఇల్లే మార్చీసి గాజువాక ఎల్లిపోయింది. ఆవిడి జాగాలో ఇంకొకామిని ఎట్టుకున్నాం. మళ్ళీ ఐదుగురం.

ఐదేళ్ళు పోయేక, కథ రాద్దామనిపించింది. నూకాలప్పకి నాయం సెయ్యాలని. నిజంగా అలాగే అనుకున్నాను, నవ్వకు. మొదలు ఒక్క కూర్చోవడంలో రాసీసేను, పాట, కుప్పలు, వంజరం, నిందలు. సివరా రాసీసేను. నూకాలప్ప తలెత్తుకుని హార్బరుకి తిరిగొస్తాది, అందరూ తప్పయిందంటారు. బాగొచ్చింది సివర. నాకే ఏడుపొచ్చింది.

నడుమో?

లైబ్రరీ మేష్టారొకాయన “ముందు ప్రణాళిక వేసుకోవాలమ్మా, ఏ సంఘటన తరవాత ఏ సంఘటనో” అన్నారు. సరే, ఏసేను. నూకాలప్ప ఏడుస్తాది. నూకాలప్ప సముద్రంలో దూకబోతాది, ఎవులో ఆపుతారు. కొట్టీసేను. నూకాలప్పకి ఎవులైనా దూకబోతే జుట్టట్టుకు లాగడమే తెల్సు గానీ దూకడం తెల్దు. మళ్ళీ ఏసేను. బంగారమ్మకి జబ్బు సేస్తాది, నూకాలప్ప సేవ సేస్తాది. ఛీ అనిపించింది. బంగారమ్మ పక్కలో కూకుని గంజి పోసే మొహమేనా మా అప్పది?

నిలవనిచ్చేది కాదమ్మా ఆ నడుమ. పొయ్యి మీద కూర మాడిపోయేది. అమ్ముతూ అమ్ముతూ సిల్లర ఎక్కువిచ్చీసేదాన్ని. ఒడ్డుకి నడిసెల్లి కూకుని, ఊఁహూఁ, మళ్ళీ లేసి ఇంటికొచ్చి, కాయితం తీసి, ముడిసీసి. ఒకరోజు సంఘటనలన్నీ సీటీల మీద రాసి కింద పరిసేను. కుప్పల్లాగే. మీ తాతని సెయ్యెయ్యమని, నాను గోడకేసి తిరిగి “ఇది ముందు, ఇది తరవాత” అన్నాను. మీ తాతకి అక్షరం ముక్క రాదు. “కథకి కూడా పాటెట్టేవేటే?” అని వల అల్లుకుంటా నవ్వేడు.

నాకు ఒళ్ళు మండి, “ఐతే నువ్వే సెప్పు నడుమ ఏటవ్వాలో” అని మొదలంతా సదివి ఇనిపించేను. ఇన్నాడు. వల కింద ఎట్టి అడిగేడు, “ఐదుగుర్లో నలుగురికి పేర్లెట్టేవు. ఆ దగ్గినామికి పేరు నేదేం?”

“దానికెందుకు పేరు?”

“ఆమి తరవాత ఏటి సేసింది మరి?”

తెలిసడిగేడో తెలీకడిగేడో నాకిప్పటికీ తెల్దు. మళ్ళీ వల తీసుకున్నాడు.

మర్నాడు బస్సెక్కి గాజువాక ఎల్లేను. ఉక్కు ఫ్యాక్టరీ కడతన్నారప్పుడు. పనోళ్ళ రేకుల షెడ్ల కాడ దుమ్ములో కూకుని అమ్ముతంది నూకాలప్ప. నన్ను సూసి, “కవళ్ళున్నాయి, కావాలా?” అంది. బేరానికొచ్చినదాన్ని అడిగినట్టు.

“అప్పా, నీ మీద కథ రాత్తన్నాను” అన్నాను.

“ఏటి రాసేవు?”

“నువ్వు హార్బరుకి తిరిగొచ్చినట్టు.”

“నానెప్పుడొచ్చేను?”

“కథలో.”

“నన్నడక్కుండానే తెచ్చీసేవా?” అని ఒక బేరం సూసుకుని, పొలుసులు గీకి, డబ్బులు బొడ్లో దోపుకుంది. “ఈ ఐదేళ్ళూ ఏటి సేసేనని రాసేవు?”

“అదే తెలట్లేదు. అందుకే వొచ్చేను.”

“సేపలమ్మేను. ఇంకేటి సేత్తాను? మొదటి ఏడు మాత్రం నువ్వొస్తావని బస్సొచ్చినప్పుడల్లా సూసేదాన్ని. తరవాత మానీసేను. బస్సులు ఎక్కువైపోనాయి.”

అప్పుడన్నాను. “అది జలుబప్పా. నువ్వు దగ్గమన్లేదు.”

ఆవిడి కత్తి పక్కనెట్టింది. “నాకు సెప్తావేటే? నాకు తెల్దా? మాటన్నదెక్కడా, నువ్వు సెప్పడానికొచ్చిందెక్కడా?”

అంతే. బుట్టెత్తుకోడానికి సాయం పట్టబోతే, నానే ఎత్తుకుంటానంది.

వారం రోజులు తిరిగేను, పిచ్చిదాన్లాగ. సెప్తే ఏటవుద్దో తెల్సు. ఆ ఐదుగుర్లో జాగా పోతే ఒంటరిగా పాట పాడలేను, మీ అమ్మా మావయ్యా అప్పటికింకా పిల్లలు. ఎనిమిదో రోజు తెల్లారగట్ల హార్బర్లో పాట అయ్యింది, కుప్పలు పోసేరు, బంగారమ్మ ఈపు తిప్పి నిలబడింది. నాను కుప్ప మీద సెయ్యెయ్యలేదు. “అప్ప దగ్గమన్లేదు. నాకు జలుబు. అడిగినప్పుడు సెప్పలేదు, నన్నూ పొమ్మంటారని” అన్నాను.

బంగారమ్మ ఇటు తిరిగింది. “ఐదేళ్ళకి తగ్గిందేటే నీ జలుబు?” అంది.

ఎవులూ నన్ను పొమ్మన్లేదు. తిట్టలేదు కూడా. ఒకామి వొంగి ఐదో కుప్పని సేత్తో తోసీసి నాలుగింట్లో కలిపీసింది. నా వాటా డబ్బులు నా బుట్టలో పడీసేరు. నలుగురికీ పేర్లు సెప్పుకున్నారు, ఎత్తుకున్నారు, ఎల్లిపోనారు.

బంగారమ్మ తరవాత గాజువాకకి కబురంపిందట, రమ్మని. అప్ప రాలేదు. “నా గిరాకీ ఇక్కడే” అందట. పాటలో జాగా పోయి నాను మూడేళ్ళు ఎండుసేపలే అమ్మేను.

ఆ పొద్దున్న కాళీ బుట్టతో ఇంటికొచ్చి నడుమ రాసేను. ప్రణాళికా నేదు, సీటీలూ నేవు, కూర కూడా మాడలేదు. దగ్గినామికి నా పేరే ఎట్టేను. అంత బాగొచ్చిన సివర కొట్టీసేను, అది అబద్ధం గదా. పత్రికోళ్ళకి పంపలేదు. గాజువాక ఎల్లి అప్పకి సదివి ఇనిపించేను, ఆవిడి పొలుసులు గీకుతూనే ఇంది. “ఇంకొకసారి సదువు” అంది.

మరి నీ కథలో ఎవులికి పేరెట్టకుండా ఒదిలీసేవో ఒకసారి సూసుకో తల్లీ. సల్లగా ఉండు. నీ సేతికి సత్తువుండాలి. నా కాయితం ఆ ట్రంకు పెట్టి అడుగునుంది, పచ్చబడిపోనాది. సివర కొట్టీసిన కాడ, కింద, హార్బర్లో నోరిప్పిన రోజేదో అది ఏసేను. మంగళవారం, ఎనిమిదో తారీకు, నవంబరు, పందొమ్మిది వందల ఎనభై మూడు.