నంబరు లేని గీత

రాయచూరు దగ్గర ఒక ప్రైవేటు కరెంటు ప్లాంటు. ప్రమాదం జరిగిన మూడో రోజు మధ్యాహ్నం. ప్లాంటు డిప్యూటీ మేనేజర్ మహాంతేశ్ గది. ఆయన ఎదుట, ప్లాంటులోని కంప్యూటర్లన్నీ ఒకదానితో ఒకటి ఎలా కలవాలో ఒకే పటంగా గీసిన ఉద్యోగిని శృతి.

“సంతకం పెట్టను మామా. వందసార్లు అడిగినా పెట్టను.”

“అరిస్తే బయటికి వినబడతది. కూచో.”

“కూచోను. ‘హంపయ్య అజాగ్రత్త వల్ల ప్రమాదం జరిగింది.’ ఇది ఎవరు రాసిండ్రు?”

“విచారణ కమిటీ.”

“కమిటీల నువ్వు లేవా?”

“ముగ్గురం ఉన్నం. కంప్యూటర్ల లోపం లేదని నువ్వు సంతకం పెడితే ఫైలు మూసేస్తం.”

“బొగ్గు మోసే బెల్టు కింద రాలిన బొగ్గు ఎత్తనీకె పోయిండు. ఒంటిగంట పదికి లోపల పనికి పర్మిట్ తీసుకున్నడు. రెండు దాటినంక మనోళ్లు బెల్టు షురూ చేసిండ్రు. చెయ్యి పోయింది. అజాగ్రత్త ఎవరిది?”

“లోపలికి పోయినోడు కంట్రోల్ రూముకు ఫోన్ చేసి చెప్పాలె. రూల్ ఉంది.”

“ఏ ఫోన్‌తోని? యార్డుల సెల్‌ఫోన్ వద్దని గేటు కాడ గుంజుకునేది మనమే కద!”

“యార్డుల ల్యాండ్‌లైన్ ఉంది.”

“ఉంది. ఎండాకాలం నుంచి డెడ్.”

“సుమ్మనే ఉత్తగ లొల్లి చేయకు. షిఫ్టు మారింది. కొత్తగ డ్యూటీ ఎక్కిన అమరేశప్పకు లోపల మనిషున్నడని ఎట్ల తెలుస్తది? ఆయన స్క్రీన్ మీద ఏం లేకుండె. బటన్ నొక్కిండు.”

“ఎందుకు లేకుండె? కింది అంతస్తుల పర్మిట్ కంప్యూటర్ల ఉండె. హంపయ్య పేరుతోని సహా ఉండె!”

“అది వేరే సాఫ్ట్‌వేర్. ఇది వేరే సాఫ్ట్‌వేర్.”

“రెండిటికీ నడుమ నా పటంల ఒక గీత ఉండె. పర్మిట్ తెరిచి ఉన్నంత సేపు బెల్టు షురూ కావద్దు. గంతే ఆ గీత పని. యాది ఉందా?”

“ఉంది.”

“నీ వెనక గోడకు ఫ్రేమ్ కట్టిపెట్టినవ్ కద పటం. అండ్ల ఆ గీత ఏది?”

“చాయ్ తాగుతవా?”

“చాయ్ వద్దు. గీత ఏది?”

“పాత సంగతి అది.”

“ఏడాది కాలే.”

“అప్పుడు ఎట్లుండెనో నీకు తెల్వదా? హెడ్డాఫీసోళ్లు అయిదు లక్ష్యాలు పంపిండ్రు. పటంల ప్రతి గీత పక్కన, అది ఏ లక్ష్యానికి పనికొస్తదో నంబరు రాయమన్నరు. నంబరు లేని గీతకు మంజూరు లేదన్నరు.”

“ఒకటి, కరెంటు ఎక్కువ తీయాలె. రెండు, బొగ్గు తక్కువ కాల్చాలె. మూడు, బెల్టు తొందరగ షురూ కావాలె. నాలుగు, లారీలు ఆగొద్దు. అయిదు, రిపోర్టు టైముకు పోవాలె. మనిషి ఏ నంబరు మామా?”

“నన్నడుగుతవేంది? ఆ జాబితా నేను రాసిన్నా?”

“ఏదో ఒక నంబరు వేస్తే అయిపోతుండె కద! ఒకటి అని వేస్తే ఎవడు చూస్తుండె?”

“ఎవడూ చూడకపోతుండె.”

“మరి వేయలే. ఎర్ర పెన్నుతోని కొట్టేసిండ్రు. ఎవరు?”

“వద్దు శృతీ.”

“కొట్టేసినోళ్ల సంతకం మొదటి కాపీల ఉంది. అదేది?”

“దొరుకుతలేదు.”

“అబద్ధం! నీ బీరువల ఉంది. మొన్న హంపయ్యను అంబులెన్సుల ఎక్కించంగనే నువ్వు దాన్ని లోపల పెట్టి తాళం వేసినవ్. నేను చూసిన.”

“చూస్తే చూసినవ్! అది బయటికొస్తే ఏమైతదో తెలుసా? నౌకరి పోతది. పోలీస్ కేసైతది. మళ్ల ఏ కంపెనీ గేటు కూడ తొక్కనియ్యరు. ఒక్క గీత కోసం ఒక జిందగీ ఖరాబ్ కావాలెనా?”

“హంపయ్యది కాలేదా? దవాఖానల ఆయన పెండ్లాం సుంకవ్వ నన్ను అడిగింది. తప్పు మా ఆయనదే అని రాస్తే నాకు ఆయన జాగల పని ఇయ్యరంట, నిజమేనా అని.”

“ఏం చెప్పినవ్?”

“నిన్నడిగి చెప్తనన్న. నిజమేనా?”

“నిజమే.”

“బీరువ తియ్యి.”

“నేను కమిటీల కూచున్నది ఎందుకనుకుంటున్నవ్? మీ నాయన నన్ను నమ్మి పంపిండు నిన్ను. ఆయనకు ఏం మొఖం చూపియ్యాలె?”

“నీ మొఖం సంగతి నువ్వు చూసుకో. తియ్యి!”

“తియ్యను. కమిటీ ముందట ఆ పేరు నా నోట్లకెళ్లి రాదు. ఏం చేస్కుంటవో చేస్కో.”

“నువ్వు చెప్పకు. నేనే చెప్త. రాసుకో. అబద్ధం నంబరు వేయనీకె మనసొప్పక, ఆ గీత కొట్టేసింది నేను.”