ఎనభై నంబరు టర్బో

ఫోను కింద పెట్టన్నా. ముందు ఫోను కింద పెట్టు, టర్బోలమ్మే ఆ కోయంబత్తూరాయనకి తర్వాత చేద్దువులే. నాలుగు బండ్లకి నాలుగు టర్బోలు ఒకేతూరి చెప్పేస్తావా? నాలుగూ ఎనభై నంబరేనా? చెల్లెలు ఈడ్నే ఉండాది కదా, దాన్ని ఒక మాట అడుగుదామని నీకు రవ్వంతన్నా తోచలేదు కదా.

లే, కోపమేమీ లేదు. కోపముంటే నిన్న కృష్ణగిరిలోనే చూపించేదాన్ని. మామిడి మండీ ఎనకాల ఆ ఎర్రమట్టి గ్రౌండులో, రేసు చూసేదానికొచ్చిన అంతమంది ముందర, చేతిలో కప్పు పట్టుకొని మైకులో ఏమన్నావు? "చిన్న టర్బో చాలని మా ఇంట్లోనే ఒకరు చెప్పినారు. నేను వినలేదు, పెద్దది పెట్టించినాను, అందుకే గెలిచినాను" అన్నావు. అందరూ నవ్వినారు. ఆ ఒకరు ఎవరో ఆడ తెలీనోళ్లు ఎవరన్నా ఉండారా? టైర్లలో గాలి చూసే గేజి చేతిలో పట్టుకొని నీ పక్కనే నిలబడుంటిని నేను.

తమాషాకన్నావా? సరే, తమాషానే. నేనూ ఈ పొద్దు ఒక తమాషా చెప్తాను, కూచో. ఆ స్టూలు మీద గ్రీసుండాది, ఈడ కూచో.

ఆ మాట నేనేమీ గాలికి చెప్పలేదన్నా. ఆరేండ్లు ఈ హోసూరు ఫ్యాక్టరీలో టర్బో సెక్షన్లో పని చేసినాను. లోపలుండే చక్రం నిమిషానికి లక్షన్నర చుట్లు తిరుగుతుంది. ఒక పక్క ఆవగింజలో సగం బరువు ఎక్కువైతే చాలు, వారంలో అరిగి మూల పడుతుంది. ఆ తూకం చూసిన చేతులివి. "ఉద్యోగం మానెయ్ పవిత్రా, మన షెడ్డుకే రా, ఇద్దరం కలిసి చేద్దాం" అని పిలిచిందెవరు? నువ్వే కదా. వచ్చినాను. వచ్చినాక నా పనేమి? బోల్టు బిగించు, ఆయిలు మార్చు, కస్టమరొస్తే టీ తెప్పించు. బోర్డు మీద మాత్రం రక్షిత్ మోటార్స్.

సరే, బోర్డు సంగతి ఒదిలెయ్. బండి సంగతి చెప్పు. మన రేసు కారుది ఏమి ఇంజను? పదమూడు వందల సీసీ, నాలుగు సిలిండర్లు. పిస్టన్లు మార్చినాం, రాడ్లు గట్టివి ఏసినాం, నిజమే. అయినా అది చిన్న ఇంజనే కదా? ఇంజన్లోంచి వచ్చే పొగే కదా టర్బోని తిప్పాల్సింది, అది తిరిగితేనే కదా ఇంజన్లోకి గాలి ఎక్కువ తోసి దమ్మిచ్చేది? ఆ పొగ తిరిగే గూడు ఎంత పెద్దదో చెప్పేదే ఆ నంబరు. యాభై అంటే చిన్న గూడు, ఎనభై అంటే పెద్దది. మన ఇంజనికి ఎనభై తగిలించేది ఎట్లుంటుందంటే, చారెడు బియ్యం ఉడికించేదానికి పెండ్లి గుండిగ పొయ్యి మీద పెట్టినట్టు. అది ఎప్పుడు కాగేది, మనం ఎప్పుడు తినేది?

నోటుబుక్కులో లెక్క గీసి చూపించినాను కదా. ఆ గ్రౌండులో పద్నాలుగు మలుపులు. మలుపుకీ మలుపుకీ నడాన నూరు గజాలు కూడా లేదు. ఇంజను నిమిషానికి మూడు వేల చుట్లకీ అయిదున్నర వేలకీ నడాన్నే తిరుగుతా ఉంటుంది. ఎనభై నంబరు నాలుగున్నర వేలు దాటితే గానీ నిద్ర లేవదు. అది లేచేలోపల ఇంకో మలుపొస్తుంది, నువ్వు బ్రేకు తొక్కుతావు, అది మళ్లా పండుకుంటుంది. యాభై అయితే మూడు వేలకే దమ్ము పడుతుంది. పై వేగంలో పవరు ముప్పై హెచ్‌పీ తగ్గుతుంది, ఒప్పుకుంటాను. ఆ ముప్పై హెచ్‌పీని పెట్టుకొని ఆ మట్టిలో యాడికి పోతావన్నా?

నువ్వేమన్నావో గుర్తుండాదా? బెంగుళూరు పోయి మిషను మీద ఎక్కించి పవరు కొలిపిస్తానన్నావు, ఆ అంకె చూసి అందరూ నోరు తెరవాలన్నావు, ఇన్‌స్టాలో పెట్టాలన్నావు. "ఆడోళ్లకి అన్నీ చిన్నవే ముద్దు" అన్నావు. అని, టీ గ్లాసు తెచ్చి నా లెక్క మీదనే పెట్టినావు. ఆ రౌండు మరక ఇప్పటికీ ఉండాది, చూస్తావా?

గమ్మునుండు, ఇంకా చెప్పలేదు నేను.

నిన్న నువ్వు గెలిచింది ఎనభైతో కాదు. యాభైతో.

నవ్వొద్దు. టర్బో వేడి బయటికి రాకుండా నేను కుట్టి కప్పిన గుడ్డ ఉండాది కదా, "భలే కప్పినావే పవిత్రా, బండికే ఒక కళ వచ్చింది" అన్నావే. ఈ మూడేండ్లలో నువ్వు మెచ్చుకున్న నా పని అదొక్కటే. దాన్ని ఊడదీసి చూడు. గూడు మీద అంకె పోత పోసుంటుంది. పో, చూసిరా. టార్చి ఇదిగో.

చూసినావా?

నేనెందుకు మారుస్తానన్నా? ఒట్టు, నేను మార్చలేదు. పెట్టెలో అదే వచ్చింది. ఆ పొద్దు మన కస్టమరు జితేంద్రన్న బండి దావలో ఆగిపోయిందంటే చూసేదానికి నువ్వు డెంకణికోట పోయినావు. నేను పెట్టె తెరిచినాను. యాభై. తుడిచి మళ్లా చూసినాను, యాభైనే. నీకు చెప్దామని ఫోను కూడా తీసినాను. మళ్లా జేబులో పెట్టేసినాను. నువ్వొచ్చేలోపల బిగించేసి, గుడ్డ కప్పేసినాను. రేసు దగ్గర పడె, బెంగుళూరు పోయేదానికి నీకు టైము లేకపాయె. లేకుంటే ఆ మిషను మీదనే బయటపడుండును.

ఆ కోయంబత్తూరాయన్ని తిట్టొద్దన్నా. ఆయన తప్పేమీ లేదు. తప్పు నీ నోటిది. నోటిది కూడా కాదు, నీ బడిది. నిన్నేమో సరిహద్దు అవతల అత్తిబెలెలో కన్నడ బడిలో ఏసినారు, నన్నేమో ఈడ తమిళ బడిలో. ఇంట్లో తెలుగు. నీకు మాటలు మూడు భాషల్లోనూ వస్తాయి గానీ, అంకెలు మాత్రం కన్నడలోనే వస్తాయి. ఎప్పుడన్నా గమనించినావా? పాలాయనకి చెప్పినా కన్నడ అంకే, కండక్టరుకి చెప్పినా కన్నడ అంకే. ఆ రోజు కోయంబత్తూరాయనతో తమిళంలోనే మాట్లాడినావు, బాగానే మాట్లాడినావు. నంబరు కాడికొచ్చేసరికి "ఎంబత్తు" అన్నావు. అది కన్నడ ఎనభై. ఫోను గరగరలో ఆయన చెవికి అది "అంబదు" అని పడింది. అది తమిళ యాభై. పాపం ఆయన మంచోడే, "అంబదా సార్?" అని ఇంకో తూరి అడిగినాడు. నువ్వేమో అవునవునని "ఆమా, ఆమా" అన్నావు.

నాకెట్ల తెలుసంటావా?

ఫోను స్పీకరులో పెట్టుంటివి కదన్నా. నేను బండి కింద పండుకొని బోల్టులు బిగిస్తాంటిని. రెండూ విన్నాను. నీ ఎంబత్తూ విన్నాను, ఆయన అంబదూ విన్నాను. "అన్నా, తప్పు పోయింది" అని చెప్పేదానికి ఎంతసేపు? ఒక్క మాట. నోరు తెరిచినాను కూడా. అప్పుడే నువ్వు ఫోను పెట్టేసి, కిందకి వంగి, "ఎనభై చెప్పేసినాను, ఇంక నీ నోటుబుక్కు మూసెయ్" అన్నావు. మూసేసినాను. దాంతోపాటు నోరు కూడా.

ఇది ఇంతటితో పోయేదైతే నేను సచ్చేదాకా చెప్పేదాన్ని కాదు. కప్పు నీది, మైకు నీది. నువ్వు మలుపు తిరిగిన ప్రతిసారీ బండి ఎగిరి దూకుతా ఉంటే, గోడ దగ్గర నిలబడి చూసుకున్న సంతోషం నాది. అది చాలనుకున్నాను. నిజంగానే చాలనుకున్నాను.

కానీ ఇప్పుడేమైంది? నిన్న నీ మాట విని నలుగురు బండ్లు తెచ్చి నిలబెట్టినారు. "రక్షితన్న పెట్టుకున్నదే మాకూ" అంటాండారు. జితేంద్రన్నది రేసు బండా? వారం వారం పెండ్లాన్నీ బిడ్డనీ ఎక్కించుకొని డెంకణికోటకి పోయొచ్చే బండి. లోపలుండేవి కంపెనీ ఏసిన మామూలు రాడ్లు. దానికి ఎనభై పెడితే ఏమైతుందో చెప్పు. అడివి రోడ్డులో లారీని దాటబోతాడు, తొక్కుతాడు, బండి కదలదు. ఇంకా తొక్కుతాడు. సగం దాటినాక దమ్మంతా ఒకేసారి వచ్చి మీద పడుతుంది. ఎదురుగా బస్సుంటే? బస్సు లేకపోయినా ఆ రాడ్లు తట్టుకుంటాయా? ఒకటి వంగితే చాలు, ఇంజను పగిలి నడి రోడ్డులో నిలబడతాడు, ఎనక సీట్లో ఆ బిడ్డ. అందుకని చెప్తాండాను. నీ మీద ప్రేమతో కాదు.

తిట్టు, పరవాలేదు. షెడ్డులోంచి పొమ్మంటే పోతాను. ఆ ఫ్యాక్టరీ గేటు నాకు తెలిసిందే, దావ మర్చిపోలేదు. పోతే నోటుబుక్కు ఎత్తుకొని పోతాను. ఉంటే మాత్రం ఇట్లనే ఉండను. ఇంక మీదట ఏ బండికి ఏ నంబరో నేను చెప్తాను. బండి తెచ్చినోళ్లు టీ అడిగేదానికి కాదు, లెక్క అడిగేదానికి నా దగ్గరికి రావాల. జితేంద్రన్నతో నిజం నువ్వు చెప్తావో నేను చెప్పాలో నువ్వే ఎంచుకో.

ముందు ఆ టార్చి ఆర్పు.

ఏమన్నావు? మళ్లా చెప్పు.

ఓడిపోయుంటే ఏం చేసేదానివి అంటావా?

మంచి ప్రశ్నే అడిగినావు. ఇంతసేపూ అది అడగకుండా పోతే బాగుణ్ణు అనుకుంటా ఉండాను.

ఆ కింద డ్రాయరు లాగు. స్పానర్ల కింద ఒక కాగితం ఉంటుంది. తియ్. పెట్టెలో వచ్చిన చీటీ అది, యాభై అని రాసుండాది చూడు. పారెయ్యలేదు, మడిచి పెట్టుకున్నాను. ఓడిపోయుంటే దాన్ని తెచ్చి నీ ముందర పెట్టి, "అయ్యో అన్నా, ఫోనులో నువ్వే తప్పు చెప్పినావే, నేనెట్ల కనుక్కునేది" అనేదాన్ని. ఏడుపు మొకం కూడా పెట్టేదాన్ని. నువ్వు నమ్మేసేవాడివి. వాళ్లందరి ముందర తప్పు నీ మీద పడేది, నేను పక్కన గేజి పట్టుకొని నిలబడేదాన్ని.

గెలిచినాం కాబట్టి అది నా లెక్క. ఓడిపోయుంటే నీ నోరు. మైకు నా చేతికిచ్చినా నేనేమీ నీకంటే మేలుగా మాట్లాడేదాన్ని కాదు, ఒక కడుపునే కదా పుట్టినాం.

సరే, ఆ చీటీ ఇట్లియ్యి. ఫోను కూడా ఇయ్యి. నంబరు నేను తమిళంలో చెప్తాను.