బాత్రూం మస్టర్

శ్రీరాంపూర్ కాలనీలో రెండు గదుల క్వార్టరు. కొడుకు పెళ్ళికని పద్నాలుగు మంది చుట్టాలు ముందే దిగారు. బాత్రూం మాత్రం ఒక్కటే. దాని తలుపు ముందు కుర్చీ వేసుకుని, చేతిలో నంబర్ల కాగితంతో, బొగ్గుబాయి నుంచి మొన్ననే రిటైరైన రాజయ్య. ఎదురుగా మొహం నిండా పసుపుతో, రెండో కూతురు వందన.

“పదింటికి వీడియో మీటింగ్ బాపు! గీ పసుపు మొకంతోని ఎట్ల కూసోవాలె?”

“నీది ఎనిమిదో నంబర్. ఏడు నడుస్తుంది.”

“గంటన్నర నుంచి ఏడేనా? ఇయ్యాల పెద్దసార్ల ముందట నా పని చూపెట్టాలె. నచ్చితెనే నౌకరి పర్మినెంటు.”

“నన్నంటవేంది? రూలు వెట్టింది నువ్వే గద.”

“పెట్టకపోతే? నిన్న పొద్దుగాల యాదికి లేదా? గొళ్ళెం టక్కుమంటె చాలు, అందరు తువ్వాలలు పట్టుకొని ఉరుకుడు. లోపలికి పోయేది ఒక్కరు. మిగిలినోళ్ళు తిట్టుకుంట మల్ల పండుడు.”

“మీ మేనత్త భూమవ్వ చిన్నమామ కాలు తొక్కింది.”

“మా ఆఫీసు కంప్యూటర్ మిషిన్ లోపల గూడ గదే లొల్లి బాపు. పనులన్ని ఒక్క తాళం కోసం కాసుకొని పండుకుంటయి. తాళం ఖాళీ కాంగనే మిషిన్ అన్నిటిని లేపుతది. దొరికేది ఒక్కదానికి. మిగిలినయి ఉత్తగనే లేసి ఉత్తగనే పండుకుంటయి. మిషిన్‌కు ఒళ్ళు కాలుడే గని పని కాదు.”

“అందుకని ఒక్కన్నే లేపుమని మిషిన్‌కు గూడ రాసినవ్.”

“ఆ. వాడు వచ్చి అయిపోయిందంటె అప్పుడు ఇంకొకన్ని.”

“బాయిల మస్టర్ హాజరు గూడ గంతే బిడ్డా. పేరు విలిస్తెనే కదలాలె. మంచిగ రాసినవ్.”

“మరి ఏడో నంబర్ ఎవలు?”

“మల్లేష్. ఎనిమిదింటికి నేనే లేపి, చాయ్ తాగొచ్చి కూసున్న.”

“బావనా? లోపల నీళ్ళ సప్పుడే లేదు.”

“సబ్బు పెట్టుకుంటుండేమో.”

“బర్రెను కడిగినా గంతసేపు పట్టదు! తలుపు కొట్టు బాపు.”

“నేను కొట్టను! పెద్దల్లుడు. పెండ్లింట్ల అల్లుడు అలిగిండంటె మీ అక్కతోని నువ్వు మాట్లాడుతవా?”

“అయితె నేనే కొడ్త.”

“ఆగు ఆగు! మీ అవ్వతోని అడిగిస్త. ఓ బాలవ్వా, జర నువ్వన్న అడుగు, మన అల్లునికి ఇంకెంతసేపైతదో.”

“అల్లుడెక్కడున్నడు? వంటోళ్ళను తోలుకొస్తనని ఎనిమిదింటికే ఆసిఫాబాద్ బస్సెక్కె గదా.”

“తానం చెయ్యకుంటనా?”

“ఆడ్నే చేస్తనన్నడు.”

“మరి నాకు చెప్పలే!”

“లేపినవు, లేసిండు, పోయిండు. చెప్పుడేముంది?”

“అవ్వా, అంటె... బాత్రూం ఖాళీగున్నదా?”

“ఖాళీనే. మీ బాపు చాయ్ తాగంగ నేను బకెటు గూడ తెచ్చుకున్న.”

“గంటన్నర! ఖాళీ బాత్రూంకు బాపు కావలి కాసుడు, గదులల్ల అందరు పండుడు!”

“నేను రూలు తప్పలేదు బిడ్డా. ఏడో నంబరోడు వచ్చి అయిపోయిందనలేదు, ఎనిమిదిని లేపలేదు.”

“గదే బాపు... గదే! నేను మిషిన్‌కు రాసిన ప్రోగ్రాం గూడ గట్లనే ఉన్నది. లేపినోడు తాళం ముట్టకుంట పోతే? ఇంకొకన్ని ఎవ్వలు లేపుతరు? ఎవ్వలు లేపరు! అన్ని పండుకునే ఉంటయి. అయ్యో, నా నౌకరి! ఫోనియ్యి, ఫోనియ్యి!”

“ముందుగాల తానం చెయ్యి, ఖాళీయే గద.”

“తానం తర్వాత! హలో, శ్యాంసుందర్ సార్? వందనను మాట్లాడుతున్న. నేను రాసింది మిషిన్లకు ఎక్కియ్యకుండ్రి సార్, అండ్ల—”

“ఎక్కియ్యకుండుడేందమ్మా, రాత్రే ఎక్కించినం! బ్రహ్మాండం! ఎనిమిదింటి నుంచి ఒక్క మిషిన్ వేడెక్కలే, ఒక్కటి కుయ్యనలే. ఆఫీసంత ఎంత నిమ్మలంగున్నదో! పెద్దసార్లు శాలువ గూడ తెప్పించిండ్రు, నువ్వు జర మంచిగ తయారై కూసో.”