పాప తలమీది ఒట్టు

పాప జ్వరంతో పోయిందా, తాగనని దాని తలమీద వేసిన ఒట్టు తండ్రి తప్పినందుకు పోయిందా అన్న సందేహం తల్లిని ఏళ్ళుగా తొలుస్తోంది. తాగుడు మానాలనుకునేవాళ్ళు కూడుకునే గది గుమ్మంలో ఆమె భర్త ఆగిపోయాడు.

“లోపల ఒట్టు వేయమంటారేమోనే.”

“వేయమనరట. ఈ ఒక్కరోజుకి తాగనంటే చాలట.”

“నా మాట నమ్ముతారంటావా?”

“నమ్మకపోవడానికి వాళ్ళేమన్నా పెళ్ళాలా?”

ఆయన నవ్వబోయి ఏడ్చేశాడు.

“ఒట్టేసిన చేత్తోనే మళ్ళీ గ్లాసు పట్టుకున్నాను. పాపని చంపింది నేనేనా? కాదని నువ్వొక్కసారీ అనలేదు.”

ఆమె ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

“దేవుడు అంత చిన్నబుద్ధి వాడు కాడండీ. పాప జ్వరంతోనే పోయింది. ఈ మాట మీకు ఎన్నాళ్ళుగానో బాకీ ఉన్నాను. ఆ ఒట్టు ఇవాళ తీసి గట్టున పెట్టేస్తున్నాను. పదండి.”