గురక డిస్కు

మరదలి ఫొటో స్టూడియో, వెనక గది. బల్ల మీద కొత్త కంప్యూటరు, దాని పక్కన బావ రిక్షాలో తెచ్చిన పాతది, ఒక అట్టపెట్టె నిండా డిస్కులు.

"సోమవారం పొద్దున పోయింది."

"అదే వద్దనేది బావా. ఫోనెత్తగానే 'పోయింది' అన్నారు. ఏం పోయిందో, ఎవరు పోయారో తెలియక నేను కుర్చీలో కూలబడ్డాను. వాక్యానికి కర్త ఉండాలని బళ్లో పిల్లలకి చెప్పేది మీరే కదా."

"కంప్యూటరని తర్వాత చెప్పాను."

"తర్వాతంటే? వెళ్లి మంచినీళ్లు తాగొచ్చాక."

"కంగారులో ఉన్నాను."

"ఈ డొక్కు పెట్టె కోసమా? అక్క దీన్ని కొన్నప్పుడు నాకింకా పెళ్లే కాలేదు. ఇన్నేళ్లు పాడవకుండా ఉందంటే మీరు పాఠం చెబుతుంటే నిద్రపోయుంటుంది, పనేం చేసుండదు."

"నిద్ర సంగతి ఎత్తకు."

"సరే, ఎత్తను. ఇవన్నీ అక్క డిస్కులేగా? అన్నిటినీ కలిపి ఒక్కదాంట్లోకి ఎక్కించేస్తాను. ఇదిగో, వంద జీబీ."

"చూడ్డానికి పాతవాటిలాగే ఉంది."

"సైజు అదే బావా. లోపల రాసే లేజరు..."

"తెలుసు. మీ అక్క చెప్పింది. బోర్డు అదే, సుద్దముక్కే సన్నబడింది అంది. అక్షరాలు చిన్నవైతే ఎక్కువ పాఠాలు పడతాయట."

"కంపెనీ వాళ్లు మమ్మల్ని కూర్చోబెట్టి పూటంతా చెప్పింది ఇదే. అక్క రెండు ముక్కల్లో తేల్చేసింది."

"మొదటి సీడీ తెచ్చినప్పుడు, ఏడు వందల ఎంబీ, ఇంక ఈ జన్మకి చాలు అంది."

"డీవీడీ తీసుకెళ్లినప్పుడూ ఈ కుర్చీలోనే కూర్చుని అదే మాటంది."

"బ్లూ రే వచ్చినప్పుడూ అంది. మనవరాలు పుట్టాక మానేసింది."

"మానదూ? దాని బోసినవ్వుకే ఒక డిస్కు సరిపోలేదు. ఇవి చూడండి. 'మనవరాలు, పాకుట'. 'మనవరాలు, మళ్లీ పాకుట'. ఇందులో ఈ 'పాకుట' మీ చలవే."

"వ్యాకరణం అడిగితే చెప్పాను."

"ఇన్ని ఫొటోలున్నాయి కదా బావా, అక్క ఏది?"

"కెమెరా వెనకాల."

"ఒక్కదాంట్లోనూ లేదా?"

"అద్దంలో ఒకసారి పడింది. మొహానికి కెమెరా అడ్డం."

"మీరైనా తియ్యాల్సింది."

"నేను తీస్తే తలలు తెగుతాయని కెమెరా ఇచ్చేది కాదు."

"అది మాత్రం నిజం. మీరు తీసిన నా పెళ్లి ఫొటోలో నాకు తల లేదు. మా ఆయన ఇప్పటికీ అన్నిట్లోకీ అదే బాగుందంటాడు."

"అది విడిగా పెట్టు."

"ఏది, ఈ సీడీనా? దీని మీద ఏం రాసింది... 'మాస్టారి గురక'. ఇదేంటి బావా?"

"విడిగా పెట్టమన్నాను కదా."

"నిజం గురకేనా?"

"నేను గురక పెట్టనని వాదించాను. సాక్ష్యం చూపించమన్నాను. తలగడ పక్కన మైకు పెట్టింది."

"ఇంత మంచి డిస్కు నాకు ఇన్నాళ్లూ చూపించలేదా? ఉండండి, పెద్ద స్పీకర్లు తగిలిస్తాను. వీధంతా వినాలి."

"వెయ్యి."

"వద్దంటారనుకున్నానే. ఇదేంటి... ఖాళీ అంటోంది."

"ఖాళీ కాదు."

"చూడండి, ఇందులో ఏమైనా ఎక్కించాలా అని అడుగుతోంది. పేరు రాసి పెట్టుకుని, ఎక్కించడం మర్చిపోయుంటుంది. చెత్తబుట్టలో..."

"అక్కడ పెట్టు."

"సరే, సరే. పెట్టాను. అలా లేవకండి, కూర్చోండి."

"ఖాళీ కాదు. ఆదివారం కూడా విన్నాను."

"మీ గురక మీరే వింటున్నారా? జోలపాటకా?"

"చివర్లో మీ అక్క మాట్లాడుతుంది."

"అక్కా?"

"ఆవిడ పోయాక, ఆ గొంతు ఇంకెక్కడా లేదు."

"అదేంటి, వీడియోలున్నాయిగా, అన్ని వీడియోలు..."

"అన్నిటికీ నీ దగ్గరే పాటలు వేయించింది."

"అవును. నేనే. మాటలన్నీ తీసేసి పాటలు పెట్టాను. 'నా గొంతు బాగోదే, నాది తీసెయ్' అంది. ఒక్కటీ దాచలేదు బావా."

"నువ్వు చెప్పింది చేశావు."

"అందుకా అంత కంగారు."

"ఈ పాత పెట్టె తప్ప ఇంకేదీ దాన్ని చదవదు. అమ్మాయి వాళ్లింట్లో వేసి చూశాను. అక్కడా ఖాళీ అనే చెప్పింది."

"ఆగండి. ఇంకెక్కడా చదవలేదా? అయితే అక్క దీన్ని ముగించలేదు."

"అంటే?"

"ఎక్కించాక 'డిస్కు ముగించాలా' అని అడుగుతుంది. ఔనంటే సీలు వేసినట్టు. ఎందులో పెట్టినా వినిపిస్తుంది, కొత్తగా ఏం ఎక్కదు. కాదంటే మిగిలిన చోటు అలాగే ఉంటుంది. కానీ రాసిన డ్రైవే దాన్ని చదవాలి, మిగతావాటికి ఖాళీగా కనబడుతుంది."

"రాసిన చేతికే తెలిసే రాత."

"మీరలాంటి మాటలు అనకండి, నాకు స్క్రూలు కనబడ్డం లేదు."

"ఏం చేస్తున్నావు?"

"పాతది విప్పుతున్నాను. పోయింది పెట్టె. దాంట్లో డ్రైవు బాగానే ఉండొచ్చు. ఊడదీసి కొత్తదానికి తగిలిస్తాను."

"ఉండొచ్చా, ఉంటుందా?"

"ఉండొచ్చు. నా మెడ మీదికి వంగి ఊపిరి బిగబట్టకండి బావా, మీరు పోతే ఎవరికి ఫోన్ చెయ్యను? ఒక సంగతి అడగనా? మిగతావన్నీ అక్క పద్ధతిగా ముగించింది. దీన్నెందుకు వదిలేసింది?"

"ఏమో."

"మీరు 'ఏమో' అన్నారంటే తెలుసన్నమాట."

"పని చూడు."

"తగిలించాను. తిరుగుతోంది, వినబడుతోందా?"

"ఆ చప్పుడు అదే."

"వచ్చింది బావా. ఖాళీ అనట్లేదు. ఇంకేం మాట్లాడకండి, ముందు కాపీ తీస్తాను."

"ఒకటి చాలదు."

"ఒకటి ఈ వంద జీబీ దాంట్లో, ఒకటి నా కంప్యూటర్లో. అయిపోయింది. ఇంక మీ ఇంట్లో ఎన్ని పెట్టెలు పోయినా నాకు కర్తతో సహా ఫోన్ చెయ్యండి చాలు. వేస్తున్నాను. అమ్మో. ఇది గురకా, లారీ గేరు మార్చుకుంటోందా?"

"ఆ రోజు జలుబు చేసింది."

"మధ్యలో ఈల కూడా ఉంది."

"ముక్కు దిబ్బడ. ముందుకి జరపకు, వస్తుంది."

"ఇదిగో, అక్క."

"విన్నారా మాస్టారూ, ఇది మీరే. జలుబని చెప్పకండి. నేనూ పెడతానన్నారుగా? సగం చోటు ఉంచాను, ముగించను. మిగతా సగంలో నాది రికార్డు చేసి చూపించండి. తలలు తెగే భయం కూడా లేదు."

"చివర్లో నవ్వింది."

"ఆ. నవ్వుతుంది."

"ఈ గొంతు బాగోదని నేనెలా నమ్మాను బావా?"

"ఆవిడ చెబితే ఎవరైనా నమ్మేవాళ్లు."

"ఇదిగో, మళ్లీ అడుగుతోంది. ముగించాలా అని. ఔనంటే ఇంక ఈ డ్రైవు కూడా అక్కర్లేదు. నొక్కనా?"

"వద్దు."

"కాపీలున్నాయి, భయం లేదు. ఇంక దీంట్లో ఎక్కించేదేముంది?"

"మిగతా సగం మీ అక్కది."

"అయితే అదివ్వండి, ఇప్పుడే ఎక్కిస్తాను. అక్క గురక నాకు తెలియదూ? చిన్నప్పుడు పక్కనే పడుకునేదాన్ని. పిల్లి గురగుర."

"అవును. అలాగే ఉండేది."

"ఏ డిస్కులో ఉంది? ఇన్నేళ్లలో ఒక్కసారైనా తీసుంటారుగా."

"చాలాసార్లు మైకు పెట్టుకునే పడుకున్నాను. ప్రతిసారీ నాకే ముందు నిద్ర పట్టేది."

"అంటే?"

"ఆవిడ వంతు ఇంకా రికార్డు చెయ్యలేదు."